నుదుటి మీది చూపు

కుక్కరు పొయ్యి మీద పెట్టగానే నాకు పెరట్లో ఏదో ఒక పని గుర్తొస్తుంది. కరివేపాకు చెట్టు కింద ఆకులు ఏరాలనో, బట్టల తీగ తుడవాలనో. అసలు సంగతి విజిల్. అది అందరికీ చెవుల్లో వినిపిస్తుందట, నాకు పళ్ళల్లో వినిపిస్తుంది. మా అత్తయ్య ఈశ్వరమ్మకు పద్నాలుగేళ్ళుగా మింగుడుపడనిది ఇదే. "పొయ్యి మీద పప్పు పెట్టి పెరట్లోకి పారిపోయే ఆడమనిషిని నిన్నే చూశానమ్మా హిమజా. మా కోదాడ మొత్తంలో ఇట్లాంటి వాళ్ళు లేరు," అంటుంది. పారిపోయినా పప్పు మాడిన రోజు ఒక్కటీ లేదు. ఆ సంగతి మాత్రం ఆవిడ ఎవరికీ చెప్పదు.

ఆ రోజు పప్పుతో ఆగలేదు. మర్నాటిదాకా ఇంట్లో ఉండను కాబట్టి పులుసు కాచాను, పచ్చడి నూరాను, చొక్కాలు ఇస్త్రీ చేసి తగిలించాను, అత్తయ్య బీపీ మాత్రలు పొద్దుటివి వేరు, రాత్రివి వేరు గిన్నెల్లో పెట్టాను. మగవాడు ఊరికి పోవాలంటే బ్యాగు సర్దుకుంటే చాలు. ఆడది ఇల్లంతా సర్దిపెట్టి పోవాలి. మా ఆయన శశిధర్ చెప్పులు వేసుకుంటూ గుమ్మంలో ఆగాడు. "ఇంకోసారి ఆలోచించు. పిచ్చిదాన్నని నీ అంతట నువ్వే పోయి గవర్నమెంటు చేత రాయించుకుంటావా? రేపు మనవాళ్ళలో నా మొఖం ఎక్కడ పెట్టుకోవాలి?"

"పిచ్చి కాదండీ. ఆటిజం."

"ఏదో ఒకటి. అది చిన్నపిల్లలకు ఉండేది. నువ్వు డిగ్రీ చదివావు, ఉద్యోగం చేస్తున్నావు, కాపురం చేస్తున్నావు. నీకేం తక్కువ? ఎవరన్నా అడిగితే కళ్ళ పరీక్షకు పోయిందని చెప్తాను."

నీకేం తక్కువ అన్న మనిషి ఈయనేనా అని ఆశ్చర్యపోయాను. పెళ్ళయిన నాటి నుంచి నాలోని తక్కువలు పేరుపేరునా చెప్పింది ఈయనే. ఫంక్షన్‌కు పోతే మొఖం అట్లా పెడతావేంటి. మా అక్క వస్తే రెండు మాటలు మాట్లాడలేవా. నీతో మాట్లాడితే గోడతో మాట్లాడినట్టుంటుంది. నువ్వు మనిషివా రోబోవా. ఇంట్లో ఉన్నంతసేపూ నేను మనిషిని కాను, డాక్టరు దగ్గరికి పోతానంటే మాత్రం నాకేం తక్కువ లేదు. చెప్పుకోండి, కళ్ళ పరీక్షే అని చెప్పుకోండి అని బ్యాగు భుజాన వేసుకున్నాను.

నేను కోదాడలో ఒక ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్‌ని, అవుట్‌సోర్సింగ్ మీద. వెనక గదిలో ఒక కిటికీ, ఒక కంప్యూటరు, పాత ఫైళ్ళు. ఆ గదిలో నేను ఎన్నేళ్ళు పనిచేశానో అన్నేళ్ళూ నా పనిలో తప్పు వచ్చిందని ఎవరూ అనలేదు. ఆ గది నాకు ఆఫీసు కాదు, ఊపిరి. పోయిన ఎండాకాలం కొత్త ఆఫీసరు వచ్చి అందరూ వంతులవారీగా ముందు కౌంటర్‌లో కూర్చోవాలన్నాడు. టోకెన్ బెల్లు, ట్యూబులైటు గుయ్యిమనే చప్పుడు, ఒకేసారి నలుగురు మాట్లాడటం, గాజు మీద నాణేలతో కొట్టి పిలవటం. వారం తిరక్కుండానే ఒక మధ్యాహ్నం బల్ల కింద చెవులు మూసుకుని కూర్చున్నాను. ఫిట్స్ అనుకుని ఎవరో తాళాల గుత్తి తెచ్చి నా చేతిలో కుక్కారు. నీళ్ళు చల్లారు. ఆ తాళాల గలగలకే ఇంకా అరిచానట. ఆ తర్వాత హైదరాబాద్ పోతే అక్కడి డాక్టరు నాలుగుసార్లు కూర్చోబెట్టి మాట్లాడి, దీని పేరు ఆటిజం, నువ్వు పుట్టినప్పటి నుంచీ ఇంతే అంది. నలభై ఏళ్ళకు నాకొక పేరు దొరికింది. బస్సులో ఇంటికొచ్చేదాకా ఏడుస్తూనే ఉన్నాను, బాధతో కాదు.

ఆఫీసరు చెడ్డవాడేం కాదు. "నాకేం అభ్యంతరం లేదమ్మా. కానీ పైవాళ్ళు అడిగితే చూపించడానికి నాకో కాగితం కావాలి. సదరం సర్టిఫికెట్ తెచ్చుకో, వెనక గది నీదే. లేకపోతే ఒకటో తారీఖు నుంచి కౌంటర్‌లో కూర్చో, అది కాదంటే ఇగ ఇంట్లో కూర్చో," అన్నాడు. సదరం అంటే వికలాంగులను పరీక్ష చేసి సర్టిఫికెట్ ఇచ్చే క్యాంపు, మా జిల్లాకు సూర్యాపేట దవాఖానలో పెడతారు. పింఛనుకైనా, బస్సు పాసుకైనా, నా వెనక గదికైనా అదే కాగితం. మీసేవలో స్లాటు దొరికింది. ఒక్కటే చిక్కు. ఇది పుట్టుకతో వచ్చేది కాబట్టి చిన్నప్పుడు నన్ను కళ్ళారా చూసినవాళ్ళు ఒకరు వచ్చి చెప్పాలన్నారు. నాన్న లేడు, అమ్మ లేదు, తోబుట్టువులు లేరు, మేనత్తలు చుట్టపుచూపుగా వచ్చిపోయినవాళ్ళే. ఉన్నది నాన్న పనిచేసిన మిల్లులో కూలికి వచ్చిన జంగమ్మ ఒక్కతే. అందుకే ముందు రోజే మిర్యాలగూడ బస్సెక్కాను.

మిర్యాలగూడలో దిగితే నా ముక్కు ఇప్పటికీ ఉడికిన వడ్ల వాసన కోసం వెతుకుతుంది. నాన్న అక్కడ ఒక ఉప్పుడు బియ్యం మిల్లులో గుమాస్తా. మిల్లు ఆవరణలోనే మాకు రెండు గదుల ఇల్లు. గదుల ముందు పెద్ద సిమెంటు కళ్ళం. పొద్దున్నే ఆవిరి పట్టిన వడ్లు పొగలు కక్కుతుండగా తెచ్చి అక్కడ ఆరబోసేవాళ్ళు. అవి సమంగా ఆరాలంటే గంట గంటకూ తిప్పాలి. ఆడవాళ్ళు వరసగా నిలబడి, పాదాలు ఎత్తకుండా ఈడ్చుకుంటూ ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచేవాళ్ళు. వెనక చాళ్ళు పడేవి, కింది వడ్లు పైకి వచ్చేవి. ఆ వరసలో మొదటి మనిషి జంగమ్మ, ఆమె వెనకే నేను. పలక పట్టిన వయసు నుంచి, సెలవు రోజైతే పొద్దంతా. కాలి కింద వెచ్చటి వడ్లు, ముందు జంగమ్మ పాదాలు, చెవుల్లో మిల్లు రొద. ఆ రొద అందరికీ తలనొప్పి. నాకు మాత్రం దుప్పటి కప్పుకున్నట్టు ఉండేది. కరెంటు పోయి మిల్లు ఆగితే నిద్రలోంచి లేచి ఏడ్చేదాన్నట. ఇప్పుడు నేను ఇంట్లో హాల్లో అటూ ఇటూ తిరిగితే అత్తయ్య కాలుగాలిన పిల్లి అంటుంది. అప్పుడు అదే నడకకు నన్ను పనిమంతురాలు అన్నారు. నా జీవితంలో నేను ఎవరికీ అడ్డం కాకుండా, వింతగా కనపడకుండా, నేను నేనుగా ఉన్నది ఆ కళ్ళంలోనే. తలుచుకుంటే ఇప్పటికీ అరికాళ్ళు వెచ్చబడతాయి.

జంగమ్మ బాగా ముసలిదైంది. ఒక కంటికి ఆపరేషన్ అయింది. మిల్లు గేటు దాకా నన్ను తీసుకుపోయి చూపించింది. కళ్ళం మీద లారీలు ఆగి ఉన్నాయి. "డ్రయ్యర్లొచ్చినయి బిడ్డా. ఎండతోటి పన్లేదు, మాతోటి పన్లేదు. ఇగ ఎవలు నడుస్తరు?" అంది. మేమున్న గదుల్లో ఖాళీ సంచులు నింపారు. అమ్మ బట్టలుతికిన రాయి అక్కడే ఉంది. దాని మీద కాసేపు కూర్చున్నాం. రేపటి సంగతి వివరంగా చెప్పాను. "డాక్టరమ్మ నా చిన్నప్పటి ముచ్చట్లు అడుగుతది జంగమ్మా. ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఆ కాగితం రాకపోతే నా ఉద్యోగం ఉండదు." ఆమె నా చెయ్యి పట్టుకోబోయి, ముట్టుకుంటే నాకు పడదని గుర్తొచ్చి, నా కొంగు పట్టుకుంది. "నీ నౌకరి కోసం నేను జెప్పనా? జర చూడు, ఎట్ల జెప్తనో."

పొద్దున్నే సూర్యాపేట బస్సెక్కాం. జంగమ్మ పెట్టెలోంచి తీసిన చీర కట్టింది, రూపాయంత బొట్టు పెట్టుకుంది. నేరేడుచర్ల దాటాక రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఆరబోసి ఉన్నాయి. ఒక రైతు భార్య పాదాలు ఈడుస్తూ తిప్పుతోంది. కిటికీలోంచి ఇద్దరం ఆమెను కనపడనంత దూరం చూశాం. నాకు అమ్మ గుర్తొచ్చింది.

అమ్మ నాకు చాలా నేర్పింది. ఇంటికి ఎవరైనా వస్తే నేను ఊక పోసే గదిలో దాక్కునేదాన్ని. అమ్మ వచ్చి తిట్టకుండా, కొట్టకుండా, ఊక మీదే నా పక్కన కూర్చునేది. మనుషుల కళ్ళల్లోకి చూడలేనమ్మా, లోపల మండుతది అని చెప్పాను ఒకసారి. అమ్మ ఆశ్చర్యపోలేదు. "కళ్ళెందుకు సూడాలె బిడ్డా? బొట్టు సూడు. బొట్టు మీద సూపు నిలబెట్టు. అవతలోళ్ళకు నువ్వు మొఖమే సూస్తున్నవ్ అనిపిస్తది," అంది. మగవాళ్ళయితే కనుబొమల నడుమ. నవ్వు రాకపోతే మనసులో ఉప్పు, కారం, చింతపండు అనుకో, పెదాలు అవే కదులుతయి. పది మందిలో ఊపిరాడకపోతే నీళ్ళు తెస్తనని లేచి పో, ఆడపిల్ల నీళ్ళకు లేస్తే ఎవరూ అడ్డం రారు. ఇవన్నీ రోజూ అద్దం ముందు నిలబెట్టి నేర్పింది. నేను నేర్చుకున్నాను. పెళ్ళిచూపుల్లో శశిధర్ కనుబొమల నడుమ చూసి, ఉప్పు కారం చింతపండు అనుకుని, నీళ్ళకు లేచాను. పిల్ల ఎంత అణకువో అన్నారు. తలెత్తకపోతే సిగ్గు, మాట్లాడకపోతే వినయం, ఒకే పని ఒకే తీరుగా రోజంతా చేస్తే బుద్ధిమంతురాలు. నేను మగపిల్లాణ్ణయి ఉంటే చిన్నప్పుడే దవాఖానకు తీసుకుపోయేవాళ్ళేమో. ఆడపిల్లను కాబట్టి అత్తగారింటికి తీసుకుపోయారు.

నా పెళ్ళి తర్వాత నాన్న పోయినప్పటి సంగతి ఒకటి ఉంది. పదకొండో రోజు మా మేనత్తలు అమ్మ బొట్టు తుడిచి, గాజులు తీసి, నన్ను ఆమె ముందు కూర్చోబెట్టారు. నాకు ఎటు చూడాలో తెలియలేదు. పుట్టినప్పటి నుంచి నేను అమ్మ ముఖంలో చూసిన చోటు అక్కడ లేదు. తల దించుకున్నాను. చుట్టూ అందరూ ఏడుస్తున్నారు. అమ్మ మాత్రం మెల్లగా, "ఇగ నువ్వు యాడ సూస్తవ్ బిడ్డా?" అంది. దుఃఖంలో మతి చెడింది పాపం అని మేనత్తలు ఆమె వీపు నిమిరారు. వాళ్ళ చేతుల కింద ఆమె బిగుసుకుపోవటం నేను చూశాను. ఆ తర్వాత అమ్మ ఎక్కువ కాలం లేదు. ఉన్నన్నాళ్ళూ బొట్టు ఉండాల్సిన చోటునే చూస్తూ మాట్లాడాను.

దవాఖానలో మా పేరు పిలిచేసరికి మధ్యాహ్నం అయింది. ఆ వరండాలో వీల్‌చైర్ల చప్పుళ్ళు, పసిపిల్లల ఏడుపులు, మైకులో పేర్లు. నేను ఉప్పు కారం చింతపండుతో నెట్టుకొచ్చాను. గదిలో డాక్టరమ్మ చిన్నమ్మాయి, కుర్తా వేసుకుంది, బొట్టు లేదు. నాకు అలవాటేగా. బొట్టు ఉండే చోట చూపు నిలబెట్టి, నమస్తే చెప్పి, నవ్వి, అడిగినవాటికి పొందికగా జవాబులు చెప్పాను. చెప్తున్నంతసేపూ లోపల ఒకటే మాట, బాగా చేస్తున్నావు హిమా, బాగా చేస్తున్నావు.

డాక్టరమ్మ జంగమ్మ వైపు తిరిగింది. "పెద్దమ్మా, ఈమె చిన్నప్పుడు ఎట్లా ఉండేది?"

జంగమ్మ కొంగు సర్దుకుని నిటారుగా కూర్చుంది. "బంగారం అసుంటి పిల్ల మేడం. తలెత్తి ఎవ్వల్ని సూడకపోయేది. ఒక్కనాడు గట్టిగ మాట్లాడలె. పనిల ఆమెకు ఎవలు సాటి రారు. తల్లి మాట జవదాటలె. గిసుంటి పిల్ల దొరకాల్నంటె పెట్టి పుట్టాలె."

ఈ మాటలు నేను ఇంతకు ముందు విన్నాను. మా పెళ్ళికి ముందు శశిధర్ మేనమామ విచారణకు వచ్చాడు. మా వైపు పిల్లను చూడటానికి ముందే ఎవరో ఒకరు వచ్చి, ఇంటివాళ్ళకు తెలియకుండా, చుట్టుపక్కల పనివాళ్ళను అడిగి పోతారు. ఆయన మిల్లు గేటు దగ్గర జంగమ్మను అడిగాడు. కిటికీ వెనక నుంచి నేను విన్నాను. ఇదే వరస, ఇదే గొంతు. మన పిల్ల గురించి బయటివాళ్ళు అడిగితే మన ఆడవాళ్ళ దగ్గర ఉన్నది ఒక్కటే జవాబు. నా నౌకరి నిలబెట్టాలని ఆమె నాకు మళ్ళీ పెళ్ళి కుదురుస్తోంది.

"మరి ఏమీ ఇబ్బందులు లేవా? శబ్దాలకు భయపడటం, మనుషులకు దూరంగా ఉండటం?"

"ఏం లెవ్వు మేడం. ఎవలో గిట్టనోళ్ళు పుట్టిచ్చిన మాటలు గవ్వి."

డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టింది. గొంతులో విసుగు లేదు, జాలి ఉంది. "చూడండి హిమజ గారూ, హైదరాబాద్ రిపోర్టు చదివాను. కానీ మీరు ఇక్కడ చక్కగా నా మొహం చూసి మాట్లాడుతున్నారు. మీ మనిషేమో ఏ ఇబ్బందీ లేదంటున్నారు. నేను ఏం చూసి రాయాలి?"

గెలిచాను. మళ్ళీ గెలిచాను, పెళ్ళిచూపుల్లో గెలిచినట్టే. అప్పుడు గెలిచి కోదాడ వంటింట్లో పడ్డాను. ఇప్పుడు గెలిస్తే నా గది పోతుంది. ఒకటో తారీఖు నుంచి ఆ బెల్లు, ఆ గాజు మీద నాణేలు, లేదా పొద్దస్తమానం కుక్కరు విజిళ్ళు. ఓడిపోవటం ఎట్లాగో నాకు ఎవరూ నేర్పలేదు. అమ్మ ఏళ్ళ తరబడి అద్దం ముందు నిలబెట్టి నేర్పిందంతా ఈ కుర్చీలో కూర్చుని నా చేత్తో నేనే విప్పెయ్యాలి. అమ్మకు ద్రోహం చేస్తున్నట్టు అనిపించింది. ఏమనుకోకు అమ్మా, అనుకున్నాను. చూపు దించేశాను.

"మేడం, నేను మీ మొహం చూడటం లేదు," అన్నాను నేల వైపు చూస్తూ. "మీ నుదురు చూస్తున్నాను. మీ కళ్ళు ఏ రంగో కూడా నాకు తెలియదు. నవ్వు రాకపోతే ఉప్పు కారం అనుకుంటాను. ఈ ఫ్యాను చప్పుడుకు నాకు పళ్ళు జివ్వుమంటున్నాయి. ఇంకాసేపు ఇట్లాగే కూర్చుంటే ఇంటికి పోయి రెండు రోజులు మాట్లాడలేను. నేను లేచి నడుస్తాను, నడిస్తేనే చెప్పగలను."

లేచాను. చెప్పులు వదిలేశాను. గోడ దగ్గర నుంచి కిటికీ దాకా, కిటికీ దగ్గర నుంచి గోడ దాకా, పాదాలు ఎత్తకుండా ఈడుస్తూ నడిచాను. కింద వడ్లు లేవు, చల్లటి బండలు. అయినా మాట దానంతట అదే వచ్చింది. తాళాల గుత్తి సంగతి, పెరట్లోకి పారిపోవటం సంగతి, శశిధర్ అక్క వస్తే బాత్రూంలో నీళ్ళు వదిలి కూర్చోవటం సంగతి, ఇంతవరకు ఎవరికీ చెప్పనివన్నీ చెప్పాను. ఎంతసేపు చెప్పానో తెలియదు.

జంగమ్మ నా పాదాల వంకే చూస్తోంది. "అయ్యో, మీరు అడిగేది గిదా మేడం?" అంది చివరికి. "గిది మంచి గుణమనుకున్న గద నేను! గిట్లనే నడిసేది. తిండి యాదికి లేకుండ నడిసేది. నేనే చెయ్యి పట్టి గుంజకపోతె పొద్దుగూకేదాంక నడిసేది. చెయ్యి పడితె ఒళ్ళంత బిగబట్టేది. బ్యాండు మేళం వస్తె ఊకల మునిగి పండుకునేది. ఊపిరాడక సస్తదేమోనని తల్లి ఉరికొచ్చేది." డాక్టరమ్మ పెన్ను మళ్ళీ తీసుకుంది. ఆ పెన్ను చప్పుడు ఒక్కటే ఆ గదిలో నన్ను బాధపెట్టలేదు.

కాసేపు రాసి అడిగింది. "మీ రక్తసంబంధంలో ఇట్లా ఇంకెవరైనా ఉన్నారా?"

"లేరు మేడం."

"మీ అమ్మగారు?"

"అమ్మ మామూలు మనిషి. నాకివన్నీ నేర్పిందే ఆమె," అన్నాను.

"మామూలు మనిషా?" అంది జంగమ్మ. నేను ఆగాను. "నీకు తెల్వదా బిడ్డా? మీ అమ్మ నా మొఖం దిక్కు ఎన్నడన్న సూసిందా? ఎన్నేండ్లు ఒక్క కాడ ఉన్నం! నా బొట్టు దిక్కే సూసి మాట్లాడేది. నేను బొట్టు పెట్టుకోని నాడు గోడ దిక్కు మళ్ళేది. మేం ఆడోళ్ళం ఇండ్లకు బయల్దేరినంక, వడ్లెత్తి కళ్ళం ఊడ్సినంక, ఒక్కతె అండ్ల నడిసేది. మేం గేటు కాడికెల్లి సూసి నవ్వుకునేటోళ్ళం. నువ్వు ఊకల దాసుకుంటివి గని, అండ్ల పండుకునుడు నీకంటె ముందు ఆమెకు అలవాటు. మీ నాయినకు గూడ తెల్వదు. ఎవలికి జెప్పకు జంగమ్మా అనేది. నేను జెప్పలె. ఇయ్యాల్నే."

డాక్టరమ్మ ఏదో రాసింది. నలభై శాతం దాటుతుందని, సర్టిఫికెట్‌కు అది చాలని, బోర్డు సంతకాలయ్యాక ఫోనుకు మెసేజ్ వస్తుందని చెప్పింది. నేను వింటున్నానా లేదా అని రెండోసారి కూడా చెప్పింది.

బస్టాండులో జంగమ్మను మిర్యాలగూడ బస్సెక్కించి కిటికీ దగ్గర నిలబడ్డాను. శశిధర్ ఫోన్ చేశాడు. "అయిపోయిందా? అమ్మకు కళ్ళ పరీక్ష అనే చెప్పాను. నువ్వూ ఇంటికొచ్చి అదే చెప్పు, సరేనా?"

"చెప్పను," అన్నాను. "ఆటిజం అని చెప్తాను. మా అమ్మకు కూడా ఉండేదని చెప్తాను." అవతల ఆయన ఏదో అంటుండగానే ఫోన్ బ్యాగులో వేసుకున్నాను.

బస్సు కదిలింది. జంగమ్మ చెయ్యి ఊపింది. నేను ఆమె బొట్టు చూడలేదు, ఎటూ చూడలేదు, నేల మీద నా పాదాలు చూసుకుంటూ చెయ్యి ఊపాను. ఊక మీద నా పక్కన కూర్చున్న అమ్మ తిట్టడానికి రాలేదు, ఓదార్చడానికీ రాలేదు, తనూ దాక్కోవడానికే వచ్చింది. పుట్టినప్పటి నుంచి పెళ్ళయ్యేదాకా ఆ రెండు గదుల్లో కలిసే ఉన్నాం నేనూ అమ్మా, ఒకరి బొట్టు ఒకరం చూసుకుంటూ.